కిరాయి పైలట్లు, మబ్బుల దొంగలు

ఎల్లేష్ ఆ పొద్దు మొదలుపెట్టింది చిన్న మాటతోనే. పోయిన బేస్తవారం నాడు ఒక్క రోజులో ఇరవై ఎకరాలకు మందు కొట్టానన్నాడు. అక్కడితో ఆగి ఉంటే మెదక్ పట్నంలో ఎవరికీ పేచీ ఉండేది కాదు. డ్రోన్‌తో మందు కొట్టేవాడికి ఇరవై ఎకరాలు మరీ అంత వింత కాదు. వినేవాళ్లు అందులో ఓ ఐదు తీసేసి, మిగిలింది నమ్మేసి, చాయ్ తాగి ఎవరి దారిన వాళ్లు పోయేవాళ్లు. కాని ఎల్లేష్ ఆగే మనిషి కాదు. మాటలు కోటలు దాటుతాయంటారు, ఇతనివి మెదక్ ఖిల్లా దాటి, చర్చి శిఖరం దాటి, మబ్బుల్లో పోయి కూర్చుంటాయి.

యాదలక్ష్మి హోటల్ బస్టాండుకు రెండు సందుల అవతల ఉంటుంది. హోటల్ అంటే రేకుల కప్పు, నాలుగు బల్లలు, పొద్దస్తమానం మరిగే చాయ్. అందులో నడిమి బల్ల ఎల్లేష్‌ది. ముప్పై రెండేళ్లవాడు, మెడలో డ్రోన్ పైలట్ లైసెన్సు కార్డు. పది రోజుల ట్రైనింగు చేసి తెచ్చుకున్న నాటి నుంచి ఆ కార్డు అతని మెడ దిగలేదు. స్నానానికైనా తీస్తాడో లేదో వాళ్లావిడే చెప్పాలి.

చివరి బల్ల మీద రామమ్మ కూర్చుంది. ఆమె పట్నానికి కోతలు వినడానికి రాలేదు. అల్లాదుర్గ్ పక్క ఊరి నుంచి తొలి బస్సెక్కి వచ్చింది, ఎదురు బల్ల మీద పేపరు చదువుతున్న జయానందం సారును బతిమాలడానికి. సారు రిటైరైన టీచరు, చర్చి వెనక ఉంటారు. రామమ్మ ఊళ్లో ఆయనకు రెండెకరాల పొలం ఉంది. తొమ్మిదేళ్లుగా దాన్ని కౌలుకు చేస్తున్నది రామమ్మే. ఆ రెండెకరాలు తప్ప తనదని కాలు పెట్టుకునే మట్టి ఆమెకు ఇంకెక్కడా లేదు.

పోయిన బేస్తవారం ఆ పొలానికి మొగి పురుగు మందు కొట్టింది ఎల్లేషే. నాలుగు రోజులు తిరిగేసరికి వరి మాడింది. ఎల్లేష్ ఏమన్నాడు? తప్పు నాది కాదన్నాడు. ఆ ముసలమ్మకు చదువు రాదు, పురుగు మందనుకొని కలుపు మందు డబ్బా చేతికిచ్చింది, ఇచ్చింది కొట్టానన్నాడు. ఖాళీ డబ్బా కాలువలో విసిరేసింది అతనే, ఇక చూపించడానికి ఏం మిగిలింది? ఊరు నమ్మింది. సారూ నమ్మారు. వచ్చే వానాకాలం నుంచి పొలం వేరేవాళ్లకు ఇస్తానని కబురు పంపారు. మూత తీసి వాసన చూస్తే ఏ మందో చెప్పగల మనిషిని పట్టుకొని, అక్షరాలు రావు గనక మందులూ తెలియవని అందరూ కలిసి తేల్చేశారు. ఆ మాట తలుచుకుంటే రామమ్మకు ఒళ్లు మండిపోతోంది.

"సార్, నేను మందు తప్పియ్యలే" అని ఆమె అప్పటికి రెండుసార్లు అంది.

"సూద్దాం రామమ్మా, ముందుగాల చాయ్ తాగు" అని సారు రెండుసార్లూ పేపరు తిప్పేశారు.

అగ్గి రాజేసింది ఆటో చంద్రకాంత్. రామమ్మ ఎవరో అతనికి తెలియదు. ఇరవై ఎకరాల మాట విని ఊరికే గిల్లాడు. "ఎల్లేషన్నా, నువ్వు మందు గొడ్తె పురుగుతోని పాటు పంట గూడ సస్తదంట గదా, నిజమేనా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఎల్లేష్ లేచి నిలబడ్డాడు. చివరి బల్ల మీద రామమ్మ ఉన్నదని అతనికి తెలుసు. తెలిసే గొంతు పెంచాడు.

"ఎవడన్నడు? నా మొకం మీద అనుమను! కుట్ర, ఇదంత నా మీద కుట్ర! గా బేస్తారం నాడు నేనేం జేసిన్నో ఎరుకైతె మీరు గిట్ల మాట్లాడరు. మెదక్ జిల్లను కాపాడిన నేను! ఒక్కలన్న దండ ఎయ్యలే, ఒక్కలన్న శాలువ కప్పలే, పైకెల్లి నిందలు! నేను సెప్పొద్దనుకున్న. సీక్రెట్. గని గింత మాట అన్నంక ఇగ దాసేది లేదు. అక్కా, ఒక చాయ్ పోయి."

యాదలక్ష్మి చాయ్ పోసింది. కథ ఉన్న రోజు రెండు చాయ్‌లు ఎక్కువ పోతాయని ఆమెకు అనుభవమే.

"పొద్దుగాల ఆరింటికి తూప్రాన్ దిక్కు మక్కచేన్ల కాడున్న. మక్కల కలుపు మందు, పది లీటర్ల ట్యాంకు నిండ నింపిన, డ్రోన్ లేపిన, రిమోట్ వట్టుకొని మీదికి సూసిన. సూస్తె ఒక మబ్బు నిలవడ్డది. మబ్బు నిలవడుడు మీరెన్నడన్న సూసిండ్రా? మబ్బన్నంక నడవాలె. ఇది బస్సు కోసం సూసినట్టు నిలవడ్డది. ఏంది కథ అని కండ్లు సికిలించి సూస్తె ఏమున్నదో ఎరుకనా? ఈ దిక్కొకటి ఆ దిక్కొకటి, రెండు నల్ల డ్రోన్లు. మనం బర్రెను పలుపు వట్టి గుంజుకపోతం సూడు, గట్ల మబ్బును గుంజుకపోతున్నయి!"

"మబ్బునా?" అంది యాదలక్ష్మి, చాయ్ వడగట్టే జాలి పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

"మబ్బునే అక్కా! మన మబ్బు! మెదక్ మీద కురవాల్సిన మబ్బు! ఎవడో కుట్ర కంపెనీ వెట్టిండు. దానికి పేరు లేదు, బోర్డు లేదు. సముద్రం నడుమ ఓడల కూసుంటడు. మన దిక్కొచ్చే మబ్బులను దారిలనే వట్టుకొని, చెరుకు రసం మిషన్ల వెట్టి పిండి, గా నీళ్లు సీసలల్ల నింపి మళ్ల మనకే అమ్ముడు, గిదీ వాని కుట్ర. మన నీళ్లు మనకే అమ్ముతడంట!"

"యాసంగిల మబ్బులెక్కడియోయ్?" అన్నారు జయానందం సారు, పేపరు మీది నుంచి.

"గదే గద సార్ కుట్ర! యాసంగిల మబ్బులెందుకు లేవనుకున్నరు? వస్తున్నయి. వచ్చినయి వచ్చినట్టు వీళ్లే గుంజుకపోతున్నరు! మనం పిచ్చోళ్ల తీరు ఎండకాలమొచ్చింది, ఎండకాలమొచ్చింది అనుకుంటున్నం!"

ఆ మాటతో హోటల్ వేడెక్కింది. "గందుకేనా మా బోరు ఎండింది! నేను మోటరు మీద అనుమానపడ్డ" అని యాదలక్ష్మి చేతిలోని గంటె పొయ్యి మీద కొట్టింది. చంద్రకాంత్ "మన నీళ్లు మనకే అమ్ముతరా, ఇది దోపిడి కాదా" అని బల్ల గుద్దాడు. సారు కూడా పేపరు మడిచి, "అన్యాయమే" అనేశారు. అన్నాక తనే కాస్త సిగ్గుపడ్డారు గాని, పేపరు మళ్లీ విప్పలేదు.

రామమ్మ ఆ ముగ్గురి మొహాలూ చూసింది. ఎక్కడా లేని మబ్బు పోయిందంటే వీళ్లకు ఇంత కోపం వచ్చింది. ఉన్న వరి మాడిందని రెండు రోజులుగా మొత్తుకుంటుంటే ఇందులో పావు వంతు ఎవరికీ రాలేదు. ఇక్కడ తన మాట వినేదెవరు?

"ఇగ నేనూకుంటనా?" ఎల్లేష్ బల్ల మీద ఒక కాలు పెట్టాడు. "ఓరి నీయవ్వ అనుకొని డ్రోన్‌ను నిట్టనిలువు లేపిన, మబ్బు ఎత్తుకు తీస్కపోయిన, నాజిల్ వాని దిక్కు తిప్పిన, ఒక్క పీకుడు పీకిన. కలుపు మందు మొకం మీద పడంగనే మొదటిది దగ్గుకుంట దగ్గుకుంట పోయి హైవే మీద గోబి లారీల పడ్డది."

"డ్రోన్ దగ్గుతదా అన్నా?"

"మందు గట్లాంటిది తమ్మీ. రెండోది ఉరికింది. ఉరికి ఊకున్నదా? పోయి పన్నెండింటిని తోలుకొచ్చింది. ఒక్కొక్కటి తలుపంత. గా పన్నెండిట్ల ఆరింటిని నేను కొట్టిన, మిగిలిన ఆరు పోయి నూటిరవై తెచ్చినయి. ఒక్కొక్కటి ఎడ్లబండంత. నేనొక్కన్ని, అవి నూటిరవై. గప్పుడేం జేసిన్నో ఎరుకనా?"

"పోలీసులకు ఫోన్ జేసినవ్" అన్నాడు చంద్రకాంత్.

"థూ. మిస్డ్ కాల్ ఇచ్చిన. ఒక్కటే మిస్డ్ కాల్, మా వాళ్లకు. కిరాయి పైలట్లం లోకం మొత్తంల ఏడుగురమే ఉన్నం తమ్మీ. మేం మిలిటరీ కాదు, సర్కారు కాదు. ఎవడు పిలిస్తె వాని చేను మీద ఎగురుతం, కిరాయి తీసుకుంటం, పోతం. గని మబ్బు జోలికొస్తె కిరాయి లేకుండనే కొడ్తం. రష్యా గోధుమ చేన్లల్లకెల్లి ఒకడు, బ్రెజిల్ కాఫీ తోటలల్లకెల్లి ఒకామె, జపాన్‌ల ఇద్దరన్నదమ్ములు, ఆఫ్రికాకెల్లి ఒక పెద్దాయన, ఆర్మూర్ పసుపు చేన్లల్లకెల్లి ఒకడు, ఏడోవాన్ని నేను. పదకొండు నిమిషాలల్ల దిగిండ్రు."

"రష్యా నుంచి పదకొండు నిమిషాలల్లనా?" సారు లోపలి లెక్కల మేష్టారు లేచాడు.

"ఆర్మూరోడు మాత్రం పావుగంట లేటు సార్. దగ్గరోళ్లెప్పుడు గంతే."

నిజమే మరి, దగ్గరివాళ్లే లేటుగా వస్తారు. సారు కూడా తలాడించారు. కోతలరాయుళ్లలో ఉండే గొప్పతనమే అది, వంద అబద్ధాల మధ్య ఎవరూ కాదనలేని నిజం ఒకటి పెట్టి పోతుంటారు. దాని మీద కాలు వేసి మనం మిగతా వంద దాటేస్తాం.

"గంతలోనే శత్రువులు నా రిమోట్ సిగ్నల్ కోసిండ్రు. డ్రోన్ నా సేతుల లేదు. ఇంకెవడైన అయితె ఏడ్సుకుంట ఇంటికి పోతుండె. నేను? ఎగిరి దాని రెండు కాళ్లు వట్టుకున్న! నా బరువుకు జర వంగింది గని, ఓనరు ఎవడో దానికి ఎరుకే గద, నన్ను లేపుకొని పోయింది. రామాయంపేట మీదికెల్లి పోతుంటె ఎడమ కాలు చెప్పు జారింది. గిప్పటి దాంక దొరకలే. రామాయంపేటల ఎవలకన్న దొరికితె చెప్పుండ్రి."

"నీ రెండు చెప్పులు కాళ్లకే ఉన్నయి కదనే" అంది యాదలక్ష్మి.

"కొత్తయి కొన్న అక్కా! నడుమ అడ్డం రాకు! ఇగ లడాయి తూప్రాన్ నుంచి జరుక్కుంట జరుక్కుంట మెదక్ నెత్తి మీదికొచ్చింది. నూటిరవై పోయి పన్నెండు వందలైనయి. ఒక్కొక్కటి బస్సంత. చర్చి శిఖరానికి ఈ దిక్కు మేం ఏడుగురం, ఆ దిక్కు వాళ్లు. నేను శిఖరం సుట్టు మూడు సుట్లు తిరిగిన, నా ఎనక తొంభై బడ్డయి, నేను సర్రున కిందికి దిగి పక్కకు మలిగిన, గవి మలగరాక ఒకదాన్నొకటి గుద్దుకొని, తొంభైకి తొంభై సచ్చినయి!"

"ఆగవయ్యా" అన్నారు సారు. "బేస్తారం పగటీలి నేను చర్చి కాంపౌండ్లనే ఉన్న. నాకేం కనవడలే."

"మీరు ప్రార్థనల కండ్లు మూసుకున్నరు సార్. నేను సూసిన. ఎల్లేషా, మెదక్‌ను కాపాడు అని మీ పెదవులు కదులుతుండె. గా ప్రార్థన ఇని నేను ఆగలేకపోయిన, కండ్లల్ల నీళ్లొచ్చినయి."

సారు ప్రార్థన చేసిన మాట నిజం. కళ్లు మూసుకున్న మాటా నిజం. ఆయన చాయ్ గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగారు. చంద్రకాంత్‌కు నవ్వు ఆగలేదు. "మరి నేనన్నా? నేను బస్టాండ్ల ఆటో మీదనే కూసున్న."

"నువ్వు ఫోన్ల తల వెట్టి కూసున్నవ్. నెత్తి మీద పన్నెండొందల విమానాలు కొట్టుకుంటున్నా సూడవు. గిదే మన కర్మ! దేశం కోసం పైన ఒకడు పానం మీదికి తెచ్చుకుంటుంటె కింద ఒక్కడు తలెత్తడు!" ఎల్లేష్ గొంతు నిజంగానే వణికింది. కోపం అబద్ధంతో మొదలైనా కొంత దూరం పోయాక నిజమైపోతుంది. అతని కళ్లు ఎర్రబడ్డాయి. "నా లెక్క నేనెన్నడన్న అడిగిన్నా? ఒక్క సన్మానం అడిగిన్నా? అడగలే! మందు గొట్టుకుంట బతుకుతున్న. గసొంటి నన్ను వట్టుకొని, ఎల్లేష్ పంట మాడగొట్టిండంటరా!"

"అనరాదు, అనరాదు" అంది యాదలక్ష్మి, కొంగుతో కళ్లొత్తుకుని.

రామమ్మ చేతిలోని గ్లాసు కింద పెట్టింది. చాయ్ ఎప్పుడో చల్లారింది. అందరూ మబ్బుల వెంట, శిఖరం వెంట పోతుంటే ఆమె మనసు మాత్రం తూప్రాన్ దగ్గరే ఆగిపోయింది. మొక్కజొన్నకు కొట్టే మక్కల కలుపు మందన్నాడు. పది లీటర్లన్నాడు. ఆ రోజు మధ్యాహ్నం తన పొలం గట్టు మీదికి వచ్చి డ్రోన్ దింపినప్పుడు ఇతని వెంట బైకు, ఆ ఒక్క ట్యాంకు తప్ప ఇంకేమీ లేదు. ఆమె కొంగు సర్దుకొని ఒక బల్ల ముందుకు జరిగింది.

"బిడ్డా ఎల్లేశా, గా పది లీటర్ల మక్కమందు తోటే గింత మందిని గొట్టినవా?"

ఎల్లేష్ ఆమె వైపు అనుమానంగా చూశాడు. ఆమె మొహంలో తగవు కనిపించలేదు, వినాలన్న ఆత్రమే కనిపించింది. ఇంకేం కావాలి? "గదే గద అవ్వా నా పనితనం! ఒక్క సుక్క కిందవడనియ్య. ఒక్కొక్కనికి ఒక్కటే సుక్క, కంట్ల."

"అబ్బో. మరి ఆ తర్వాత ఏమైంది బిడ్డా?"

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆకాశం నల్లగైంది. పట్టపగలు కోళ్లు గూట్లకు పోయినయి. ఏందని సూస్తె, పెద్ద ఓడ దిగుతున్నది. కుట్రగాని ఓడ. ఒక రెక్క ఖిల్లా మీద, ఇంకో రెక్క ఏడుపాయల గుడి మీద. దాన్ల బజారున్నది, క్యాంటీనున్నది, నడుమల గా మబ్బులు పిండే మిషనున్నది. గర గర, గర గర. మబ్బులు ఈ దిక్కెల్లి పోతున్నయి, ఆ దిక్కెల్లి పిప్పి పడుతున్నది. గా పిప్పి సూడంగనే నా రక్తం సలసల కాగింది. మనకు నీళ్లు లేక సస్తుంటె మబ్బు పిప్పి చేసి పారేస్తరా!"

"పిప్పి గూడ మనకియ్యరా!" అని చంద్రకాంత్ మళ్లీ బల్ల గుద్దాడు. నవ్వుతూనే గుద్దాడు గాని గట్టిగానే గుద్దాడు.

"నేను డ్రోన్‌తోని సహా సీద లోపటికి దూరిన. మిషన్ చక్రాలల్ల నా పాత రిమోట్ ఏసిన. చక్రం అడ్డం తిరిగింది. గప్పటి దాంక పిండిన మబ్బులన్ని ఎనుకకు ఉబ్బుకుంట ఉబ్బుకుంట వచ్చినయి, ఓడ పూరీ తీరు పొంగింది, డాం! ముక్కలు పోయి బంగాళాఖాతంల పడ్డయి. పన్నెండున్నర. నేను గడియారం సూస్కున్న. ఒంటిగంటకు అల్లాదుర్గ్ దిక్కు గీ అవ్వ పొలం కాడికి వస్తనని మాటిచ్చిన. మాటంటె మాటే. లడాయిల గెలిచినోడు ఇంకెవడైన అయితె పండుగ జేసుకుంటుండె. నేను గదే ఊపుల అల్లాదుర్గ్ ఎళ్లిపోయిన. ఒంటిగంట కొట్టంగ పొలం మీదున్న. ఉన్ననా అవ్వా, లేనా? నువ్వే చెప్పు!"

"ఉన్నవ్ బిడ్డా" అంది రామమ్మ. "ఒంటిగంటకే వచ్చినవ్. గది నేనెవలనడిగినా చెప్త."

సాక్షి దొరికింది. ఎల్లేష్ హోటల్ నలువైపులా చూసి ఛాతీ విరిచాడు. సారు కూడా కొత్తగా చూశారు రామమ్మను, తిట్టడానికి వచ్చిందనుకుంటే మెచ్చుకుంటోందేమిటని.

"గని గంత లడాయి జేసినంక ట్యాంకు ఉత్తదైపోయి ఉంటది గద?"

"ఉత్తదైతదా? ఎల్లేష్ ట్యాంకు ఉత్తదైతదా? పన్నెండొందల మందిని కొట్టినంక గూడ రెండు లీటర్లు మిగిలి ఉండె! మక్కమందు గొలగొల అంటుండె అడుగుల."

"అయ్యో, మరి గంత దూరం ఎగిరి వస్తివి. నడుమ యాడనన్న దిగి, ట్యాంకు గీట్ల జర కడుక్కొని, ముంతెడు నీళ్లు తాగకపోయినవా బిడ్డా?"

కథ నడుస్తున్నప్పుడు కోతలరాయుడికి ముందున్న గుంత కనిపించదు. కనిపించినా దూకగలననే అనుకుంటాడు.

"దిగుడా? నేనా?" ఎల్లేష్ నవ్వాడు. "అవ్వా, గదే నీకు చెప్పాలె. మంజీర మీదికి రాంగనే మిగిలిన ఆరుగురు దిగిండ్రు. ఇసుకల దిగి ట్యాంకులు కడుగుతున్నరు. రష్యావాడు నన్ను కేకేసిండు. ఎల్లేషన్నా, దిగు, ఒక పంట మందు తోటి ఇంకో పంట మీదికి పోవద్దు, మూడుసార్లు సబ్బు నీళ్లు వెట్టి కడగాలె, మన పైలట్ల కట్టుబాటిది, అని మొత్తుకుండు. నేనన్న, ఓ రష్యా తమ్మీ, కడుగుడు గిడుగుడు మీసొంటోళ్లకు. దిగినోడు పైలటే కాదు! మెదక్ బిడ్డ ఒకసారి లేస్తె పని అయ్యేదాంక దిగడు! అన్న. అని దుమ్ము లేపుకుంట ఎళ్లిపోయిన. రష్యావాడు నోరు తెరిసిండు, గిప్పటికీ మూసుకోలే."

చంద్రకాంత్ "వారెవ్వా" అన్నాడు. యాదలక్ష్మి "మెదక్ బిడ్డంటె గట్లుండాలె" అంది.

రామమ్మ లేచి నిలబడింది. అప్పటిదాకా ముడుచుకుని ఉన్న మనిషి, నిలబడేసరికి ఆమె ఎంత పొడుగో అప్పుడే అందరూ చూశారు.

"గా రష్యాయన మాట ఇన్నా నా పొలం పచ్చగుంటుండె గద బిడ్డా" అంది. "ఏ దేశపోడో, వరి పైరు ఎట్లుంటదో సూసిండో లేదో, ఆయనకున్న ఈమాత్రం తెలివి నీకు లేకపాయె."



"సార్, ఇన్నరు కదా" అని ఆమె జయానందం సారు వైపు తిరిగింది. "మక్కమందు గొట్టిన స్ప్రే పంపును వరికి తెస్తె వరి మాడుతది. మా దిక్కు చిన్న పోరికి గూడ ఎరుకే. గందుకే మా ఇండ్లల్ల మక్కకొక పంపు, వరికొక పంపు ఉంటది. తప్పదంటె మూడుసార్లు కడిగి, కడిగిన నీళ్లు గడ్డి మీద పోసి సూసి, గప్పుడు వట్టుకుంటం. డబ్బాల నేను తప్పు మందే ఇచ్చుంటె రెండెకరాలు ఒక్కతీరు మాడాలె గద? మీరొచ్చి సూడలే. ఇతను మొదలువెట్టిన దిక్కు మళ్లు బొగ్గయినయి. నడుమయి ఎర్రగైనయి. ఆఖరి మడి పచ్చగ నవ్వుతున్నది. అడుగున మిగిలిన మక్కమందు తొలుత నా మొదటి మళ్లల్ల పడ్డది, పొయ్యంగ పొయ్యంగ తరిగింది. చదువు రాకుంటేంది సార్, నా మళ్లు నేను సదువుకోలేనా?"

"అదేం లేదు" అన్నాడు ఎల్లేష్. "అది... కుట్రోళ్లు ట్యాంకుల..."

"అన్నా" చంద్రకాంత్ గొంతులో ఇప్పుడు ఎగతాళి లేదు. "మంజీర కాడ దిగి కడిగినవనుకో, పంట మాడుడు నీ తప్పు కాదు. గని దిగినోడు పైలటే కాదని నువ్వే అంటివి. దిగలేదనుకో, లడాయి నీదే, తప్పు గూడ నీదే. ఏదో ఒకటి చెప్పు. దిగినవా, దిగలేదా?"

ఎల్లేష్ నోరు తెరిచాడు. ‘దిగిన, కడిగిన’ అంటే చాలు, రెండు మాటలు. కాని అలా అంటే మంజీర ఇసుకలో ఆరుగురి పక్కన ఏడోవాడై కూర్చుని ట్యాంకు కడుక్కోవాలి. రష్యావాడు నోరు మూసుకుంటాడు. యాదలక్ష్మి కళ్లలో ఇందాకటి వెలుగు పోతుంది. అతని చెయ్యి మెడలో కార్డు మీదికి పోయింది. చుట్టూ ఉన్న మొహాల్లో ఒక్కొక్కటీ చూశాడు.

"దిగలే" అన్నాడు చివరికి. గడ్డం మాత్రం పైకే ఉంది. "నేను దిగలే. ఎల్లేష్ దిగడు."

యాదలక్ష్మి అతని ముందు నుంచి చాయ్ గ్లాసు తీసేసింది. జయానందం సారు లేచి, పేపరు చంకలో పెట్టుకొని, తీసి, మళ్లీ పెట్టుకొని, "రామమ్మా, నా తప్పు. నేనొచ్చి సూడాల్సి ఉండె. పొలం నువ్వే చెయ్యి. నీకు కాక ఎవరికిస్త" అన్నారు.

"చేస్త సార్. చెయ్యక యాడికి పోత" అంది రామమ్మ. కళ్లలో నీళ్లు తిరిగాయి గాని గొంతు మెత్తబడలేదు. "గని తొమ్మిదేండ్లు నా చేతి బియ్యం తిన్నరు మీరు. ఒక్క దినం మిషన్ తెచ్చినోని మాటిన్నరు, నన్ను ఒక్క మాట అడగలే. లేని మబ్బు పోయిందంటె అన్యాయమన్నరు. నా వరి పోయిందంటె చాయ్ తాగుమన్నరు. గిది నాకు మస్తు రోజులు గుర్తుంటది."

సారు తల దించుకున్నారు. దించుకోవలసిందే మరి.

రామమ్మ చంద్రకాంత్‌ను ఆటో తియ్యమంది. ఎల్లేష్ చెయ్యి పట్టుకొని లేపింది. అతను "యాడికవ్వా?" అంటున్నా ఆగకుండా ఆటో దాకా నడిపించి, వెనక సీట్లో కూలేసి, పక్కన తను కూర్చుంది. సారు కూడా ఎవరూ పిలవకుండానే ముందుకొచ్చి డ్రైవరు పక్కన ఇరుక్కున్నారు.

"మా ఊరికి బిడ్డా. నా మీద నువ్వన్న మాట ఊరంత ఇన్నది, ఇప్పుడు గీ కథ గూడ ఊరంత ఇనాలె" అంది రామమ్మ. "మొత్తం చెప్పు, నేనేమనను. మబ్బులు చెప్పు, ఓడ చెప్పు, పన్నెండొందలు సాలకపోతె పన్నెండు వేలు జెయ్యి. ట్యాంకు కడగలేదన్న కాడ మాత్రం జర గట్టిగ చెప్పు. మా ఊళ్లె నా మాట ఇనని చెవిటోళ్లు మస్తుగున్నరు."